తూచే గడప

తలుపు పైడిని మళ్ళీ వద్దంది.

రెండు ఇనుప షట్టర్లు, వాటి మధ్య ఒక్క మనిషి నిలబడేంత గది, కింద నల్లటి గడప. గడప మీద కాలు పెట్టగానే వెనక షట్టరు దిగుతుంది. కాళ్ళ కింద బరువు తెలుస్తుంది. పైనున్న కన్ను ఎత్తు చూస్తుంది. కిలోల్ని మీటర్లతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ అవే మీటర్లతో భాగిస్తే ఒక అంకె. డాక్టర్లు దాన్ని బీఎంఐ అన్నారు, సర్కారు సూచిక అంది, జనం నెంబరు అన్నారు. ఇరవై ఐదు లోపయితే ముందు షట్టరు లేస్తుంది. దాటితే వెనకది లేస్తుంది, మనిషి వెనక్కి పోవాలి. దాని తెలివి అంతవరకే.

"ఇరవై ఆరు పాయింట్ నాలుగు," అంది తలుపు, పెళ్ళికి పిలుస్తున్నంత తియ్యగా. "మీ ఆరోగ్యం మా బాధ్యత. దయచేసి లోపలికి వెళ్ళండి."

"నీ బాధ్యత తగలెయ్య," అంది పైడి.

వెనక షట్టరు లేచింది. బోర్డు మీద ఆరోగ్య నిలయం అని రాసుంది గానీ లోపలున్న ఆడవాళ్ళు దాన్ని గోదాం అనే అనేవారు. ఒకప్పుడు గోనె సంచులు నింపే గోదామే అది. లారీలు దూరే వాకిలి. అంత ఎత్తు వాకిట్లోనే ఈ తలుపు బిగించారు. కిటికీలు పైన ఎక్కడో ఉన్నాయి. వెలుగు కిందికి దిగేసరికి పాతబడిపోతుంది.

పైడి పొట్టిది. మెడా భుజమూ ఒక్కటే అన్నట్టుంటుంది. తొడలు రోటి దిమ్మల్లా ఉంటాయి. విజయనగరం దగ్గర ఒక పల్లెలో మేనమామ వేసిన రేకుల షెడ్డులో పదేళ్ళ వయసు నుంచి బరువులెత్తి పెంచుకున్న ఒళ్ళు అది. పోటీలకి పోతూ బస్సెక్కింది. బస్సు మెట్టులో గడప ఉంది. మూడు ఊళ్ళలో మూడు బస్సులు ఎర్రదీపం చూపించాయి. చట్ట ప్రకారం మూడు ఎరుపులంటే గోదామే. నెంబరు దిగేదాకా బయటికి రాకూడదు. దించాలంటే ఆ తొడలు కరగాలి. తొడలు కరిగితే పైడి ఇంకేం ఎత్తుతుంది?

"మల్లీ ఎనక్కి తోసీసిందేటే గుంటా?" అంది గురమ్మ గోడకి జారబడి.

గురమ్మకి అరవై దగ్గర. చేతులు పుల్లల్లా ఉన్నాయి, కాళ్ళు మాత్రం బూరెల్లా పొంగి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రాత్రంతా కూర్చునే నిద్రపోతుంది.

"తోసీసింది అత్తా. దానికి నాను నచ్చినట్టున్నాను, ఒగ్గనంతంది."

"నా నెంబరు సూడు, ఇంకా పెరుగుతంది. గంజినీళ్ళు తాగి పెరుగుతున్నానే! దొంగతనంగా తింతన్నావని డాట్రుబాబు ఆ తెర మీంచి నన్ను కేకలేస్తన్నాడు. ఇక్కడ దొంగతనానికేటున్నాది, గోడకున్న సున్నం తప్ప?"

డాక్టరు తెరలో ఉంటాడు. ఆయనకి కనపడేది నెంబరు. గురమ్మ పాదంలో పడ్డ గుంట ఆయనకి కనపడదు.

*

ఆ గడపని తయారుచేసిన చేతుల్లో రెండు పైడి అక్క హైమావతివి.

విశాఖలో సముద్రం వైపు తిరిగిన ఒక ప్రయోగశాలలో ఆమె ఇంజనీరు. మొదటి గడపకి రెండు తెలివితేటలుండేవి. బరువు తూచేది, అరికాళ్ళలోంచి చీమ కుట్టినంత కరెంటు పంపి ఒంట్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో, నీరు ఎంతో కూడా చెప్పేది. దాని మీద మొట్టమొదట నిలబడింది పైడే. "కండే గదప్పా అంతా!" అని అక్క ముందు గంతులేసింది. తర్వాత గడపని పొలాల్లోకి తీసుకెళ్ళారు. పగిలిన అరికాళ్ళు, ఆనెలు కట్టిన అరికాళ్ళు. కరెంటు లోపలికి పోలేదు. గడప నోరు మూసుకుంది.

ప్రయోగశాల పెద్ద చక్రపాణి ఆ రోజే కరెంటు తీగలు పీకించేశాడు. "అందరి కాళ్ళకీ పనిచేసేది బరువొక్కటే. చట్టానికి ఒక్క అంకె చాలు," అన్నాడు. చట్టమయ్యాక గడప లోపలి లెక్కకి సీలు పడింది. ఇప్పుడు హైమకి కూడా అది తెరుచుకోదు.

"సార్, మా చెల్లెలు లోపలుంది," అంది హైమ.

"తెలుసమ్మా. బాధగానే ఉంది. కానీ మన చుట్టాలని తలుపు తీస్తే అది తలుపెలా అవుతుంది?"

"దానికి కొవ్వు లేదు సార్. కండ కొవ్వు కన్నా బరువు. గడపకి ఆ తేడా తెలీదు. తెలిసేది, మనం పీకేశాం."

"లక్ష మందిలో ఇలాంటి పహిల్వాన్లు ఎంతమంది?"

"పహిల్వాన్లని వదిలెయ్యండి. లోపల ఒకావిడకి నీరు పట్టింది. నీటినీ కొవ్వుకింద లెక్కేస్తోంది."

చక్రపాణి సొరుగులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకున్నాడు. ఆయన చేతులు సన్నం, కాళ్ళు సన్నం. చొక్కా బొత్తాలు మాత్రం పొట్ట దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి. షుగరు మొదలై చాలా ఏళ్ళయింది. పోయినేడు గుండెకి స్టెంటు వేశారు. ఆయన నెంబరు ఇరవై రెండు. ఏ గుమ్మంలోకెళ్ళినా పచ్చదీపమే.

"ఆ మాత్ర ఎందుకేసుకుంటున్నారు సార్? గడప మీరు బాగున్నారంటోందిగా."

చక్రపాణి సొరుగు మూశాడు. "కమిటీ వస్తోంది. ఇంటింటికీ గడప పెట్టాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. నీ చెల్లెల్ని నిలబెట్టుకో. చెప్పేదేదో అక్కడ చెప్పు."

ఆయన మంచివాడే. ఈ లోకంలో సగం తాళాలు మంచివాళ్ళు వేసినవే.

*

గోదాం పక్కగోడకి చిన్న జాలీ కిటికీ ఉంది. చుట్టాలు వచ్చి అక్కడ మాట్లాడుకోవచ్చు. హైమ వచ్చి జాలీకి మొహం ఆనించింది.

"కమిటీ దాకా ఓపిక పట్టవే. అదే గడప మీద వాళ్ళ ముందు నిన్ను నిలబెడతాను. నెంబరేమో ఎరుపు. పక్కనే నా పాత గడప, నీలో కొవ్వు చిటికెడని చెప్తాది. కళ్ళతో చూస్తారు."

"కమిటీ దాకా గురమ్మత్త ఉండాలి గదప్పా. తెల్లారి ఆవిడ పెదాలు నల్లగా అయిపోనాయి. కాపలావోణ్ణి అడిగితే, నా సేతిలో తాళవేటి నేదమ్మా అంతన్నాడు. నిజవే. తలుపుకి తాళమే నేదు, నెంబరే తాళం."

"స్ట్రెచరు మీద పంపించమన్నాను. తలుపు ఒప్పుకోలేదంట."

"ఎలా ఒప్పుకుంతాది? పడుకున్న మనిషికి ఎత్తు ఉండదు గదా దానికి. నిలబడండి, నిలబడండి అని ఒకటే గోల. నిలబడగలిగితే ఆస్పత్రెందుకప్పా?"

"కరెంటు తీసేయిద్దామా అనుకున్నా. తీసేస్తే రెండు షట్టర్లూ మూసుకునే ఉండిపోతాయి."

"బాగా కట్టినారు."

ఆ మాటకి హైమ జాలీ మీంచి మొహం తీసేసింది. మళ్ళీ ఆనించి, "పైడీ, తొందరపడి ఏం చెయ్యకు," అంది.

కానీ పైడి బుర్రలో అప్పటికే షెడ్డు మెదులుతోంది. బరువులెత్తేవాళ్ళకి ఒక అలవాటుంది. పోటీకి ముందు తూకం వేస్తారు. ఆ తూకంలో తన తరగతికి సరిపోతే చాలు, గంట తర్వాత ఎంతున్నా ఎవడూ అడగడు. అందుకని ముందురోజు నీళ్ళు మానేస్తారు. దుప్పట్లు కప్పుకుని రేకుల కింద కూర్చుని చెమట కారుస్తారు. చింతపిక్క చప్పరిస్తూ నోట్లో ఊరిందల్లా ఉమ్మేస్తారు. మూడు కిలోలు, మూడున్నర కిలోలు ఒంట్లోంచి పిండేసి తూకానికి నిలబడతారు. తర్వాత చెంబులకి చెంబులు తాగుతారు. మేనమామ నేర్పిన విద్య. చెడ్డ విద్యే. ఒకసారి పైడికి కాళ్ళ పిక్కలు పట్టేసి గంటసేపు కేకలు పెట్టింది కూడా.

తూకం దగ్గర నెగ్గడమే గెలుపని ఒంటికి ఎక్కిపోయిన మనిషి చేసే తప్పు అది. పైడి చేసింది.

"నానొక్కర్తినీ బయటికెల్లి ఆస్పత్రోళ్ళని పట్టుకొస్తాను," అంది గురమ్మతో. మిగతా ఆడవాళ్ళు విన్నారు. గోదాంలో చాలామంది గీతకి కాస్త పైన ఉన్నవాళ్ళే. ఇరవై ఐదున్నర, ఇరవై ఆరు.

"మమ్మల్నొగ్గీసి ఎల్లిపోతావేటి?" అంది జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే నరసాయమ్మ. "మాకూ సెప్పు. పిల్లలున్నోళ్ళం."

చెప్పింది. మర్నాడు ఎండెక్కాక రేకు గోడ వారన ఆడవాళ్ళు వరసగా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. నోట్లో చింతపిక్కలు. "పెల్లికూతుళ్ళలాగున్నారే అందరూ!" అని గురమ్మ ఆయాసంలోనే నవ్వింది. ఒకామె కళ్ళు తిరిగి పడింది. ఇద్దరికి పిక్కలు పట్టేశాయి. గురమ్మ కూడా దుప్పటి అడిగితే పైడి ఇవ్వలేదు. "నీకొద్దత్తా. నీ నీళ్ళు ఏరే. అవి డాట్రు తియ్యాల్సిన నీళ్ళు."

సాయంత్రానికి తలుపు ఒక్కొక్కరినే మింగి బయటికి ఉమ్మింది. పైడికి ఇరవై నాలుగు పాయింట్ తొమ్మిది. "అభినందనలు," అంది తలుపు. వాకిట్లో పంపు కింద ఆడవాళ్ళు దోసిళ్ళు పట్టి, గొడ్లలా తాగారు.

పెద్ద నెంబర్ల వాళ్ళు నలుగురూ, గురమ్మా లోపల మిగిలారు.

పైడి అప్పటికప్పుడే ఆస్పత్రికి పరుగెత్తింది. ఒక డాక్టరమ్మ నిజంగానే కదిలొచ్చింది. లోపలికి పోయేవాళ్ళని తలుపు ఏ నెంబరుకీ ఆపదు కాబట్టి లోపలికెళ్ళి గురమ్మ గుండె విని, మాత్రలిచ్చి, "దీంతో ఆగదు. ఆక్సిజన్ కావాలి, ఇవాళే ఆస్పత్రిలో చేర్చాలి," అని రాసింది. డాక్టరమ్మ నెంబరు పంతొమ్మిది. తలుపు ఆమెని బయటికి వదిలింది. ఆమె రాసిన కాయితాన్ని కూడా వదిలింది. గురమ్మని వదల్లేదు.

*

తెల్లారి కమిటీ.

హైమ తన పాత గడపని బట్టలో చుట్టి తీసుకెళ్ళింది. బల్ల వెనక పెద్దలు కూర్చున్నారు. ఆమె నోరు తెరిచే లోపే చక్రపాణి తెర మీద లెక్క చూపించాడు.

"ఒకే నిలయంలో, ఒక్క రోజులో, సగానికి పైగా సాధారణ స్థాయికి వచ్చారు. రాష్ట్రంలో ఇంత వేగం ఎక్కడా లేదు."

బల్ల వెనకాల చప్పట్లు.

హైమ చెల్లెలి వైపు తిరిగింది. పైడి తల దించుకుంది.

"అది నీళ్ళు సార్," అంది హైమ. "పోటీకి దించే బరువు. వాళ్ళెవరూ సన్నబడలేదు, ఎండిపోయారు. మా చెల్లెల్ని ఇప్పుడే తూచండి."

తూచారు. రాత్రంతా నీళ్ళు తాగింది గదా, గడప మళ్ళీ పాత మాటే చెప్పింది. ఇరవై ఆరు పాయింట్ నాలుగు.

బల్ల మధ్యలో ఉన్న పెద్దాయన నిట్టూర్చాడు. "చూశారా. బయటికొచ్చి ఒక్క రాత్రి. మళ్ళీ మొదటికొచ్చింది. అందుకే ఇంటింటికీ కావాలనేది."

"అయ్యా, ఒక్క రాత్రిలో మూడు కిలోల కొవ్వు ఎవరికైనా పెరుగుతుందా? మీరే ఆలోచించండి!"

"అమ్మాయ్, తగ్గితే మిషను తప్పంటావు, పెరిగితే మిషను తప్పంటావు. ఎలాగైతే ఒప్పుకుంటావు?"

తగ్గితే నిలయం గొప్ప. పెరిగితే నిలయం అవసరం. తన చేత్తో బిగించిన మరలు ఒక్కొక్కటీ హైమ కళ్ళముందే తిరిగి గట్టిపడ్డాయి. పాత గడప మీదున్న బట్ట విప్పమని ఎవరూ అడగలేదు. చక్రపాణి మాత్రం ఆ మూట వైపు ఒకసారి చూసి, చొక్కా పొట్ట మీదికి లాక్కున్నాడు.

తీర్మానమైపోయింది. ఎర్రదీపం పడింది కాబట్టి పైడిని మళ్ళీ గోదాంకి తీసుకెళ్ళమన్నారు.

వ్యాన్లో పైడి, "నాను సెడగొట్టీసినాను గదప్పా," అంది.

"కట్టింది నేను," అంది హైమ.

*

గోదాంలోకి పోవడానికి ఏ ఇబ్బందీ లేదు. నెంబరు ఎక్కువున్నవాళ్ళకి లోపలి వైపు షట్టరు ఎప్పుడూ సంతోషంగానే లేస్తుంది.

గురమ్మ గోడకి ఆనుకునే ఉంది. గుండెలు బావిలో గిలక తిరిగినట్టు చప్పుడు చేస్తున్నాయి. పైడిని చూసి, "మల్లీ వొచ్చీసినావేటే పిచ్చిదానా," అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకుంది.

బయట డాక్టరమ్మ పంపిన అంబులెన్సు ఆగి ఉంది. ఇనుప తలుపుకి ఇవతల మనిషి, అవతల బండికి బిగించిన ఆక్సిజన్. మధ్యలో ఒక భాగహారం.

పైడి జాలీ దగ్గరికి పరుగెత్తింది. "అప్పా! బుజాలమీద ఎక్కించుకుని తెస్తే? ఇద్దరూ మనుసులే గదా, ఒకల్లే అనుకుంతాదేటి?"

"అనుకుంటుంది. పైనున్న కన్ను అన్నిటికన్నా ఎత్తున ఉన్న వెచ్చటి నుదురే చూస్తుంది. కొప్పు, టోపీ, కర్ర లెక్కలోకి రావు. కానీ మీ ఇద్దరి బరువూ కలిస్తే..." హైమ కళ్ళు మూసుకుని లెక్కేసింది. "భుజాల మీదైతే ఎరుపే. ముప్ఫై దాటుతుంది."

"ఇంకా ఎత్తైతే?"

హైమ కళ్ళు తెరిచింది. గడప చేస్తున్నప్పుడు ఆ భాగహారం మీద వేలు పెట్టి తనే నవ్వుకున్న రోజొకటి గుర్తొచ్చింది. బరువు లెక్కలోకి ఒక్కసారే వస్తుంది, ఎత్తు రెండుసార్లు వస్తుంది. మనిషి చుట్టూ ఎదుగుతాడు, పైకి మాత్రమే కాదు. ఆ భాగహారానికి అది తెలీదు. బాగా పొడుగువాడి నెంబరు ఒకలా, మరుగుజ్జుదాని నెంబరు ఒకలా తేడా పడుతుందని పుస్తకాల్లో కూడా రాసుంటుంది. ఎవడూ చదవడు.

"చేతులు పూర్తిగా చాపి, వాటి మీద ఆవిణ్ణి కూర్చోబెడితే..." మళ్ళీ లెక్కేసింది. "పద్దెనిమిది. పద్దెనిమిదిన్నర. పైడీ, అరవై ఆరు కిలోలు ఆవిడ! ఇనప కడ్డీ కాదు, మనిషి!"

"కడ్డీ మాటాడదు. అత్తయితే కబుర్లు సెప్తాది."

"ఆ షట్టరు మెల్లగా లేస్తుంది. లేస్తున్నంతసేపూ తూస్తూనే ఉంటుంది. మధ్యలో చేతులు వంగాయా, కిందికి దిగిపోతుంది."

"మావ ఏటనేవోడు? దించమనీదాకా దించకూడదు. గుర్తుందా? నువ్వే గదా పల్లెం మీద గరిటితో కొట్టీదానివి."

గుర్తుంది. చిన్నప్పుడు షెడ్డులో పైడి ఎత్తి నిలబడితే, మేనమామ తలూపాకే, ఇక దించమని హైమ పళ్ళెం మీద కొట్టేది. ఒక్కోసారి ఏడిపించడానికి కావాలని ఆలస్యం చేసేది.

నలుగురు ఆడవాళ్ళు వంటగదిలోంచి చెక్కపీట తెచ్చారు. గురమ్మని దాని మీద కూర్చోబెట్టారు. "ఓలమ్మో, ఈ వొయిసులో పల్లకీయా నాకు," అంది గురమ్మ. నలుగురూ పీట లేపి పైడి గుండెల మీదికి అందించారు. పైడి అరచేతులు పీట కింద పరిచి, మోచేతులు ముందుకి పెట్టి, అడుగులో అడుగేసుకుంటూ గడప మీదికి వెళ్ళింది. వెనక షట్టరు దిగింది.

"ముప్ఫై ఆరు," అని మొదలెట్టింది తలుపు.

పైడి మోకాళ్ళు వంచింది. షెడ్డు వాసన వచ్చింది, రేకుల వేడి వచ్చింది. కాళ్ళతో భూమిని తోసింది. ఇన్నాళ్ళూ కొవ్వని లెక్కేసిన తొడలు అవే. చేతులు రెండూ ఒక్కసారిగా చాచుకుని బిగుసుకున్నాయి. గురమ్మ చీకట్లోంచి వాకిలి పైనున్న వెలుగులోకి లేచింది.

పైనున్న కన్ను గురమ్మ నుదుటిని వెతుక్కుంది.

"పద్దెనిమిది పాయింట్ నాలుగు," అంది చివరికి. గొంతులో అదే తీపి. "మీరు బరువు తక్కువగా ఉన్నారు. దయచేసి బాగా తినండి."

"దీని మొహం మండా," అంది గురమ్మ పైనుంచి. "ఒలే పైడీ, ఇక్కడ గాలాడతందే."

"మాటాడకత్తా. కదలకు."

ముందు షట్టరు కదిలింది. అడుగున ఒక గీత వెలుగు. ఆ వెలుగులో హైమ చెప్పులు కనపడ్డాయి. తర్వాత ఆమె మోకాళ్ళు. అంబులెన్సు చక్రాలు. పైడి మోచేతుల్లో వణుకు మొదలైంది. అది భుజాల్లోకి దిగి, నడుములోకి జారుతోంది. తలుపు మళ్ళీ తూచింది. పద్దెనిమిది పాయింట్ నాలుగు. షట్టరు ఇంకాస్త లేచింది. మళ్ళీ తూచింది.

హైమ ఒక చేత్తో ఇనుప స్తంభం పట్టుకుని, దాని మీద కొట్టడానికి ఇంకో చేతిలో రాయి పట్టుకుని నిలబడింది. కళ్ళు షట్టరు అంచు మీద ఉన్నాయి. అంచు పైడి నడుము దాటింది. మెడ దాటింది. పైడి మొహం కనపడింది, ఎర్రగా, కళ్ళు ఎక్కడో దూరంగా నిలిపి. అంచు ఆమె మణికట్ల దగ్గరికొచ్చింది. ఇంకా గురమ్మ మొత్తం ఉంది పైన.

హైమ రాయి ఎత్తి పట్టుకుంది. కొట్టలేదు.

దించమనే ఆ చప్పుడు కోసం చెల్లెలు చూస్తోంది.